రెండు కర్చీఫుల సినిమాలు

మొన్నామధ్య ఒక పుస్తకావిష్కరణ సభలో ఒక పెద్దమనిషి నా నవలల గురించి మాట్లాడుతూ, "ఈవిడ నవల చదవాలంటే పక్కన కర్చీఫ్ పెట్టుకుని కూర్చోవాలండీ" అన్నారు. సభలో అందరూ నవ్వారు. వేదిక మీద ఉన్నాను గనక నేనూ నవ్వాను. అది మెచ్చుకోలు కాదని ఆయన గొంతే చెబుతోంది. ఇంటికొచ్చి ఆ మాట అమ్మతో చెబితే, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ, తల ఎత్తకుండానే, "ఒకటేనా? నీకు రెండు పడతాయనుకున్నానే" అంది.

ఆ లెక్క నేను నేర్పిందే. పూర్వం అమెరికాలో ఏడుపు సినిమాలని కర్చీఫులతో కొలిచేవారు. ఒక కర్చీఫ్ సినిమా, రెండు కర్చీఫుల సినిమా, మరీ గుండె పిండేసేదైతే మూడు. ఎక్కడో చదివి అమ్మకి చెప్పాను. అప్పట్నించీ మా ఇంట్లో టీవీ సీరియళ్ళకీ, పెళ్ళిళ్ళలో అప్పగింతలకీ, ప్లాట్‌ఫారం మీద వీడ్కోళ్ళకీ కూడా అదే తూనిక.

ఇంతకీ మా ఇంట్లోకి హాలీవుడ్ ఎలా వచ్చిందో చెప్పాలి. 1990ల నడిమి మాట. రాజమండ్రిలో మా వీధికి కేబుల్ కొత్తగా వచ్చింది. అందులో పిల్లల కోసం కార్టూన్ నెట్‌వర్క్ అని ఒక ఛానెల్. పగలంతా పిల్లీ ఎలకా తన్నుకునేవి. రాత్రయ్యేసరికి అదే ఛానెల్ టి.ఎన్.టి.గా వేషం మార్చుకుని పాత నలుపు తెలుపు ఇంగ్లీషు సినిమాలు వేసేది. పిల్లి కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళిన చోటికే కాసేపట్లో బెట్టీ డేవిస్ మెట్లు దిగి వచ్చేది. నాన్నది రైల్వేలో ఉద్యోగం, తరచూ నైట్ డ్యూటీ. ఆయన ఇంట్లో లేని రాత్రుళ్ళు అమ్మకి నిద్రపట్టేది కాదు. నాకు ఇంటర్ పరీక్షలు. పుస్తకం ఒళ్ళో, కళ్ళు టీవీ మీద.

అమ్మకి ఇంగ్లీషు రాదు. ఎనిమిదో తరగతిలో చదువు మాన్పించేశారు. నేనేదో పెద్ద దుబాసీలా మాటమాటకీ అర్థం చెబుదామని కూర్చునేదాన్ని. చిత్రమేమిటంటే, నేను నోరు తెరిచేలోపే ఆవిడ కథ చెప్పేసేది. "వాడింక రాడే. ఆ వాయిద్యం వినపడ్డంలా?" అనేది. నిజంగానే వాడు వచ్చేవాడు కాదు.

తర్వాత నేను బి.ఎ.లో ఇంగ్లీషు సాహిత్యం తీసుకున్నాను. మెలోడ్రామా అనే మాటని తిట్టులా వాడాలని అక్కడ నేర్చుకున్నాను. ఏ నవలైనా నచ్చకపోతే ఆ మాట ఒకటి పడేస్తే చాలు, ఇంక చర్చ అక్కర్లేదు. ఆ మాటకి అసలు అర్థం ఏమిటో ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. గ్రీకులో మెలోస్ అంటే పాట. పద్దెనిమిదో శతాబ్దం చివర ఫ్రెంచి నాటకశాలల్లో మాటల మధ్య వాయిద్యం నడిపిస్తూ ఆడే నాటకాలకి ఆ పేరు స్థిరపడింది. దుర్మార్గుడు వస్తుంటే ఒక వరస, అనాథ పిల్ల వస్తుంటే మరో వరస. మన నాటకాల్లో హార్మోనియం చేసే పనే. అంటే మాటలు రాకపోయినా కథ తెలియాలన్నది ఆ ప్రక్రియ పుట్టుకలోనే ఉంది. ఎనిమిదో తరగతితో ఆగిపోయిన మా అమ్మ పట్టుకున్నది సరిగ్గా దాన్నే. బి.ఎ. చదివిన నేను పట్టుకోలేనిదీ దాన్నే.

హాలీవుడ్‌లో ఆ హార్మోనియం మాక్స్ స్టెయినర్ చేతిలో ఉండేది. వియన్నాలో పుట్టిన మనిషి. 1933లో 'కింగ్ కాంగ్' కొండముచ్చుకీ ఆయనే, 1939లో 'గాన్ విత్ ద విండ్'కీ ఆయనే. అదే ఏడాది వచ్చిన 'డార్క్ విక్టరీ'లో బెట్టీ డేవిస్ చచ్చిపోవడానికి ఒంటరిగా మేడమెట్లు ఎక్కాలి. "మెట్లు నేనెక్కాలా, స్టెయినరు ఎక్కుతాడా, ముందది తేల్చండి" అని ఆవిడ దెబ్బలాడిందని ఒక కథ చెబుతారు. సినిమా చూడండి, ఇద్దరూ ఎక్కారు.

ఆ 'డార్క్ విక్టరీ' మాటే ముందు చెబుతాను, ఎందుకంటే ఈ సినిమాల తప్పులన్నీ అందులోనే రాశి పోసి ఉంటాయి. గుర్రాలూ విందులూ తప్ప వేరే ధ్యాస లేని ఒక డబ్బున్న పిల్లకి మెదడులో గడ్డ. ఆపరేషన్ చేసిన డాక్టరే ప్రేమించి పెళ్ళి చేసుకుంటాడు. కానీ గడ్డ మళ్ళీ వస్తుంది. ఈ జబ్బుకి నొప్పి లేదు, వాంతి లేదు, జుట్టు చెదరదు. ఒకటే గుర్తు: చివర్లో చూపు మసకబారుతుంది, మసకబారిన కొద్ది గంటల్లో ప్రాణం పోతుంది. ఇంత మర్యాద తెలిసిన జబ్బు ఏ ఆసుపత్రిలోనూ చూడం. నాకు నవ్వొచ్చింది. అమ్మకి రాలేదు. తోటలో కూచుని పూలదుంపలు నాటుతూ ఆ పిల్ల, మబ్బు పట్టిందనుకుంటుంది. చేతులకి మాత్రం ఎండ వెచ్చగా తగులుతూ ఉంటుంది. మబ్బు ఆకాశంలో కాదు, తన కళ్ళలో అని అప్పుడు తెలుస్తుంది. సరిగ్గా అప్పుడే మొగుడు సంతోషంగా ఊరికి బయల్దేరుతూ ఉంటాడు. ఆవిడ చెప్పదు. పెట్టె సర్ది, నవ్వుతూ పంపించేస్తుంది.

"ఒక్క మాట చెప్పేస్తే పోయేది కదే" అంది అమ్మ, కొంగుతో కళ్ళొత్తుకుంటూ.

అక్కడ పట్టేసింది అసలు రహస్యం! ఈ సినిమాల్లో ఎవరో ఒకరు ఒక్క మాట చెప్పేస్తే పదో నిమిషంలో శుభం కార్డు పడుతుంది. 1940లో వచ్చిన 'వాటర్లూ బ్రిడ్జి' చూడండి. వివియన్ లీ నాట్యం చేసే పిల్ల, రాబర్ట్ టేలర్ సైనికుడు. మొదటి ప్రపంచ యుద్ధం. ప్రేమించుకున్నంతసేపు పట్టలేదు, అతను యుద్ధానికి వెళ్ళిపోయాడు. పేపర్లో చనిపోయినవాళ్ళ జాబితాలో అతని పేరు పడింది. పొరపాటున పడింది. సరిగ్గా ఆవిడ అత్తగారిని మొట్టమొదటిసారి కలుసుకునే వేళకే ఆ పేపరు చేతికి రావాలి! ఆ సంగతి అత్తగారికి చెప్పదు. పస్తులుంటుంది, చివరికి ఒళ్ళమ్ముకునే స్థితికి వస్తుంది. ఒకరోజు స్టేషన్లో అతను బతికి దిగుతాడు. పెళ్ళి కుదురుతుంది. అప్పుడూ అతనికి చెప్పలేదు. వంతెన మీద వస్తున్న మిలిటరీ లారీల కిందకి నడిచి వెళ్ళిపోయింది. ఈ సినిమా మూడు కర్చీఫులు.

ఆవిడ ఎందుకు చచ్చిపోవాలీ అని నేను చాలా కాలం విసుక్కున్నాను. తర్వాత తెలిసింది, అది రచయిత కరుకుదనం ఒక్కటే కాదు. 1934 నుంచి హాలీవుడ్ సినిమాకి నీతి నియమావళి ఒకటి గట్టిగా అమల్లోకి వచ్చింది. జోసెఫ్ బ్రీన్ అనే ఆయన కార్యాలయం ముద్ర వేస్తేనే పెద్ద థియేటర్లలో బొమ్మ ఆడేది. తప్పు చేసినవాళ్ళు సుఖపడకూడదు, ముద్దు మరీ సాగకూడదు. మొగుడూ పెళ్ళాలైనా సరే, ఆ రోజుల్లో తెర మీద పడకగదిలో రెండు వేరువేరు మంచాలే. దారి తప్పిన ఆడది కథ అయ్యేలోగా చావాలి, లేదా వదిలి వెళ్ళిపోవాలి, లేదా కుమిలిపోతూ బతకాలి. దారి తప్పిన మగవాడు మాత్రం పశ్చాత్తాపపడితే సరిపోయేది. ఆ చట్టం ఎవరి ఇంట్లో రాశారో మనకి కొత్తగా చెప్పాలా?

చట్టం అలా ఉన్నా, ఆ చట్టం కన్నుగప్పి ఆడవాళ్ళు ఎన్ని సంగతులు చెప్పుకున్నారో చూస్తే ముచ్చటేస్తుంది. అవి ఆడవాళ్ళ సినిమాలు. స్టూడియోలవాళ్ళే ఆ పేరు పెట్టారు. టిక్కెట్టు ఏ సినిమాకి కొనాలో నిర్ణయించేది ఇంట్లో ఆడవాళ్ళేనని వాళ్ళ నమ్మకం. పైగా రెండో యుద్ధం రోజుల్లో లక్షలాదిమంది మగవాళ్ళు సముద్రం అవతల ఉన్నారు. థియేటర్లో చీకట్లో పక్కపక్కన కూర్చున్నది తల్లులూ భార్యలూ అక్కచెల్లెళ్ళూ. ఇంట్లో పిల్లల ముందు ఏడవకూడదు, పోస్టుమాన్ ముందు ఏడవకూడదు, ఫ్యాక్టరీలో మిషను ముందు అసలే కూడదు. టిక్కెట్టు కొనుక్కుని వచ్చి బెట్టీ డేవిస్ వంక పెట్టుకుని ఏడ్చేవారు. దీన్ని చవకబారు కన్నీరు అని రాసిన మగ విమర్శకులు ఆ పక్క కుర్చీలో ఒక్క పూటైనా కూర్చున్నారో లేదో!

1942లో వచ్చిన 'నౌ, వాయేజర్' ఈ వరసలో నాకు అన్నిటికంటే ఇష్టం. బోస్టన్‌లో పెద్దింటి ఆఖరి కూతురు షార్లెట్. తల్లి దాన్ని ముసలితనంలో తనకి సాయంగా అట్టేపెట్టుకుంది. బట్ట ఆవిడ చెప్పిందే, చెప్పు ఆవిడ చెప్పిందే. ఒత్తు కనుబొమ్మలు, కళ్ళజోడు, గోనెసంచి లాంటి గౌను. పిల్లకి మతి చలించే స్థితి వచ్చి, ఒక మంచి డాక్టరు దగ్గర వైద్యం జరుగుతుంది. ఆ తర్వాత ఓడ మెట్లు దిగుతున్న రెండు కాళ్ళు కనిపిస్తాయి, మంచి చెప్పులు, ఆపైన పెద్ద టోపీ, టోపీ కింద ఎవరో అందగత్తె. కళ్ళజోడు తీసి కనుబొమ్మలు సరిచేస్తే చాలన్నమాట! ఈ లెక్కన మా కాలేజీలో అందగత్తెలకి కరువే ఉండకూడదు.

ఓడలో ఆవిడకి ఒక పెళ్ళయిన పెద్దమనిషి పరిచయం. పాల్ హెన్రీడ్ రెండు సిగరెట్లు ఒకేసారి నోట్లో పెట్టుకుని, రెండూ వెలిగించి, ఒకటి తీసి ఆవిడకి అందిస్తాడు. ప్రపంచమంతా దాన్ని ప్రేమకి పరాకాష్ఠ అనుకుంది. మా అమ్మ మాత్రం "ఛీ ఛీ, ఎంగిలి" అంది. సినిమాలో వాడు ఆ పని ఒక్కసారి చేసి ఊరుకోలేదు. చేసినప్పుడల్లా అమ్మ మొహం తిప్పేసుకునేది. అయినా ఆ సినిమా మళ్ళీ వేస్తే మళ్ళీ చూసింది. ఎందుకంటే షార్లెట్ పెళ్ళి చేసుకోదు. అతని కూతుర్ని, అచ్చం ఒకప్పటి తనలాగే ఎవరికీ అక్కర్లేని పిల్లని, దగ్గరికి తీసుకుని పెంచుతుంది. సుఖాంతమా దుఃఖాంతమా తేల్చడానికి లేదు. "తన ఇల్లు తనకుంది కదే, ఇంకేం" అని అమ్మ తేల్చేసింది. అప్పట్లో ఆ మాట నాకు పెద్దగా ఆనలేదు.

ఆ నవల రాసింది ఆలివ్ హిగిన్స్ ప్రౌటీ. 'స్టెల్లా డల్లాస్' కూడా ఆవిడదే. బోస్టన్ దగ్గర సంసారం చేసుకుంటూ, కన్నకూతుర్ని పోగొట్టుకుని, మనసు చెదిరి, వైద్యం చేయించుకుని తేరుకున్న మనిషి. షార్లెట్ డాక్టరు ఊహలోంచి ఊడిపడలేదు. ప్రౌటీ నవలలు కన్నీటి సరుకని పండితులు పక్కన పెట్టారు. ఆవిడ ఆ సంపాదనలోంచి స్మిత్ కాలేజీలో ఒక ఉపకారవేతనం ఏర్పాటు చేసింది. అది అందుకున్న ఒక పేద పిల్ల సిల్వియా ప్లాత్. 1953లో ఆ పిల్ల ప్రాణం తీసుకోబోతే మంచి ఆసుపత్రిలో వైద్యానికి డబ్బిచ్చిందీ ప్రౌటీయే. పదేళ్ళ తర్వాత ప్లాత్ తన నవలలో ఆవిడని వేరే పేరుతో పెట్టి, ఆ నవలల్ని కాస్త వెక్కిరించింది కూడా. గొప్ప కవయిత్రి, కాదనను. కానీ ఆ సభలో కర్చీఫ్ మాట విన్నప్పుడు నాకు గుర్తొచ్చింది ప్రౌటీయే. ఆ పక్కన చోటిస్తానంటే నేను కూర్చోడానికి సిద్ధం.

'స్టెల్లా డల్లాస్' టి.ఎన్.టి.లో నేను చూడలేదు. చాలా ఏళ్ళ తర్వాత దొరికింది. 1937 నాటిది, కింగ్ విడార్ తీశాడు, బార్బరా స్టాన్విక్ వేసింది. మిల్లు కార్మికుల ఇంటి పిల్ల పెద్దింటి అబ్బాయిని చేసుకుంది. ఆ ఇంటి తీరు ఆవిడకి పట్టుబడలేదు. మొగుడు దూరమయ్యాడు. కూతురే లోకం. కూతురిని ఒక ఖరీదైన విడిదికి తీసుకెళ్ళి, తనూ బాగా కనిపించాలని ఉన్న నగలన్నీ, ఉన్న రంగులన్నీ వేసుకుని నడిచి వెళుతుంది. అందరూ నవ్వుతారు. తిరుగు ప్రయాణంలో రాత్రి రైల్లో కింద బెర్తులో తల్లి, పై బెర్తులో కూతురు. పక్కన ఎవరో ఆడపిల్లలు ఆ తల్లి వేషం గురించి పకపక నవ్వుకుంటూ ఉంటారు. ఇద్దరికీ వినపడుతుంది. కూతురు, అమ్మ వినేసిందేమోనని కిందకి వంగి చూస్తుంది. అమ్మ నిద్ర నటిస్తుంది. కూతురు మెల్లిగా దిగి తల్లి పక్కన చేరి పడుకుంటుంది. ఒక్క మాట లేదు. ఇదే మెలోడ్రామా అయితే, ఇంతకంటే మితంగా ఎలా చెబుతారో నాకు తెలీదు.

ఆ తర్వాత కథ మళ్ళీ పాత దారే పడుతుంది. కూతురు పెద్దింట్లో ఉండాలంటే తన మీద ప్రేమ విరిగిపోవాలని తల్లి కావాలని చెడ్డగా నటించి తరిమేస్తుంది. చివర్న కూతురి పెళ్ళి జరుగుతుంటే వీధిలో వానలో నిలబడి కిటికీలోంచి చూస్తుంది. పోలీసు కదలమంటే, ఇంకొక్క నిమిషం అని బతిమాలుకుంటుంది. చేతిరుమాలు పళ్ళతో కొరుక్కుంటూ, నవ్వుకుంటూ నడిచి వెళ్ళిపోతుంది. నాకు కోపమూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏ న్యాయం ప్రకారం తల్లి వానలో నిలబడాలి? కానీ స్టాన్విక్ మొహం చూస్తూ ఆ ప్రశ్న అడిగే ఓపిక ఎవరికుంటుంది? ఆ ఏడాది ఆవిడకి ఆస్కార్ ఇవ్వలేదు.

తల్లీకూతుళ్ళంటే 'మిల్‌డ్రెడ్ పియర్స్' కూడా చెప్పాలి కానీ, దాని మీద నాకు తగువుంది. 1945. జోన్ క్రాఫర్డ్ హోటల్లో వడ్డన పనితో మొదలుపెట్టి, సొంతంగా హోటళ్ళు పెట్టి, కూతుర్ని మహారాణిలా పెంచుతుంది. ఆ కూతురికి తల్లి పని అంటేనే సిగ్గు. పైగా తల్లినే చెంపదెబ్బ కొడుతుంది. "దానికి రెండు తగిలించేవాళ్ళే లేరా ఆ దేశంలో" అని అమ్మ నిజంగానే లేచి నిలబడింది. నా తగువు అది కాదు. మిల్‌డ్రెడ్ జీవితంలో ఒకే ఒక్కసారి తన సరదా కోసం స్నేహితుడితో బయటికి వెళితే, తిరిగొచ్చేసరికి చిన్నకూతురు న్యుమోనియాతో ప్రాణం మీదకి తెచ్చుకుని ఉంటుంది. ఆ రాత్రే పోతుంది. లెక్క సరిపోయింది కదూ? యుద్ధం ముగిసిన ఏడాది అది. ఫ్యాక్టరీల్లో పనిచేసిన ఆడవాళ్ళని ఇంక ఇళ్ళకి వెళ్ళమంటున్న రోజులు. సంపాదించే ఆడదాని ఇల్లు కూలిపోతుందని ఒక సినిమా అంత అందంగా చెబితే, ఎంతమంది వంటింట్లోకి తిరిగి నడిచారో! ఈ సినిమాకి క్రాఫర్డ్‌కి ఆస్కార్ వచ్చింది. ఒంట్లో బాగాలేదని సభకి వెళ్ళకుండా మంచం మీదే అందుకుంది, చక్కగా ముస్తాబై. జబ్బు కూడా సినిమా జబ్బే కాబోలు.

మతిమరుపు సినిమాలని మర్చిపోతే ఎలా? 1942లో 'రాండమ్ హార్వెస్ట్'. యుద్ధంలో గతం మర్చిపోయిన సైనికుడు ఒకమ్మాయిని పెళ్ళాడి కాపురం పెడతాడు. తర్వాత వీధిలో బండి గుద్దుకుని పాత గతం గుర్తొచ్చి, ఈ కాపురాన్ని మర్చిపోతాడు. ఆవిడ వెతుక్కుంటూ వచ్చి అతని ఆఫీసులో సెక్రటరీగా చేరుతుంది. ఎదురుగా కూర్చుని ఉత్తరాలు రాసుకుంటుంది గానీ "నేనే" అనదు! యువ సైనికుడుగా వేసిన రొనాల్డ్ కోల్మన్‌కి అప్పటికి యాభై దాటాయి. దాని గురించి కూడా ఎవరూ ఏమీ అనరు. అతని జేబులో ఎక్కడిదో తెలియని తాళంచెవి ఒకటి ఎప్పుడూ ఉంటుంది. ఆ తాళంచెవి చివరికి ఏ తలుపుకి పడుతుందో మొదటి అరగంటలోనే తెలిసిపోతుంది. అయినా అది తాళంలో తిరిగే క్షణం కోసం రెండు గంటలు ఊపిరి బిగబట్టి కూర్చుంటాం. ఈ కథ మన దేశానికి తెగ నచ్చింది. 1956లో మన తాతినేని ప్రకాశరావు గారు సావిత్రి, శివాజీ గణేశన్‌లతో తమిళంలో తీసిన 'అమరదీపం'కీ, మరుసటేడు బెంగాలీలో సుచిత్రాసేన్ వేసిన 'హారానో సుర్'కీ మూలం ఈ మతిమరుపే.

ఇంతదాకా నవ్వుకుంటూ చెప్పుకొచ్చాను గానీ, నవ్వుతో సరిపెట్టలేని తప్పు ఒకటుంది. ఈ సినిమాల్లో కన్నీరు తెల్లవాళ్ళది. నల్లవాళ్ళు కాఫీ తెచ్చి ఇచ్చేవాళ్ళు. ఆ గీత దాటబోయింది ఫానీ హర్స్ట్ నవల మీద తీసిన 'ఇమిటేషన్ ఆఫ్ లైఫ్'. 1934లో ఒకసారి, 1959లో ఒకసారి వచ్చింది. మొదటిదాంట్లో నల్లావిడ చేసే అట్ల రుచితో తెల్లావిడ కోట్లు గడిస్తుంది. నూటికి ఇరవై వంతు వాటా ఇస్తానంటే, నాకెందుకమ్మా, మీ ఇంట్లోనే పడి ఉంటానంటుంది నల్లావిడ. ఆ సీను ఇవాళ చూస్తుంటే ఒళ్ళు జలదరిస్తుంది. కానీ ఆవిడ కూతురు ఉంది చూశారూ, చూడ్డానికి తెల్లగా ఉండి, తెల్లపిల్లగా చలామణీ కావాలని కన్నతల్లినే ఎరగనంటుంది. ఆ పాత్ర వేసిన ఫ్రెడీ వాషింగ్టన్ నల్లజాతి నటి. నిజ జీవితంలో తెల్లదానిగా చెప్పుకోమని ఎవరెంత చెప్పినా ఒప్పుకోలేదు. 1959కి వచ్చేసరికి అదే పాత్రకి నల్లజాతి పిల్ల దొరకలేదు కాబోలు, సుసాన్ కోనర్‌తో వేయించారు. చివర్న తల్లి శవపేటిక తెల్ల గుర్రాల బండి మీద వెళుతుంటే, కూతురు జనాన్ని తోసుకుంటూ వచ్చి దాని మీద పడి ఏడుస్తుంది. ఆలస్యమైపోయింది. ఈ సినిమాలన్నిట్లో కన్నీరు తెప్పించేది చావు కాదు. ఆ ఆలస్యం.

ఆ 1959 సినిమా తీసిన డగ్లస్ సర్క్ జర్మనీవాడు. అసలు పేరు డెట్లెఫ్ జీర్క్. మొదటి భార్య నాజీల్లో చేరింది. అతను యూదు వనితని రెండో పెళ్ళి చేసుకున్నాడు గనక కొడుకుని చూడకూడదని కట్టడి చేయించింది. ఆ పిల్లాడు నాజీల సినిమాల్లో బాలనటుడయ్యాడు. తండ్రి టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళి, చీకట్లో కూర్చుని, తెర మీద కొడుకుని చూసుకునేవాడు. అదొక్కటే దారి. 1937లో భార్యతో దేశం విడిచి వచ్చేశాడు. 1944లో రష్యా వైపు యుద్ధంలో ఆ పిల్లాడు చనిపోయాడు. ఇది ఎవరైనా కథగా రాసి నాకు పంపితే, "మరీ మెలోడ్రామా అయిపోయింది, కొంచెం తగ్గించండి" అని నేనే సలహా ఇచ్చేదాన్ని.

సర్క్ 1955లో తీసిన 'ఆల్ దట్ హెవెన్ అలౌస్' కోసమే నేను ఈ వ్యాసం మొదలుపెట్టాను. దాని చుట్టూ తిరుగుతూ ఇంతసేపు గడిపాను. కాలేజీ చదువుల పిల్లలున్న ఒక విధవరాలు, తోట పని చేసే కుర్రవాణ్ణి ఇష్టపడుతుంది. ఊరు ముక్కున వేలేసుకుంటుంది. మా రాజమండ్రిలో కందుకూరి వారు 1881లోనే వితంతు వివాహం జరిపించారు గదా, 1955లో అమెరికాలో ఈ గొడవేమిటని మనం గొప్పలు పోవచ్చు గానీ, ఆ గొడవ ఏ ఊళ్ళో తీరిందో చెప్పండి. ముసలి విధవరాలుగా వేసిన జేన్ వైమన్‌కి అప్పటికి ముప్పై ఎనిమిదేళ్ళు! నలభైలు దాటిన నేను ఆ సంగతి తెలిసి కాసేపు అద్దం ముందు నిలబడ్డాను. కుర్రవాడు రాక్ హడ్సన్. అమెరికాలో ఆడపిల్లలంతా కలలుగన్న ఆ మనిషికి ఆడవాళ్ళ మీద మనసు లేదు. ఆ మాట చెప్పుకోలేక జీవితమంతా దాచుకున్నాడు. 1985లో ఎయిడ్స్‌తో పోయినప్పుడుగాని లోకం ఆ సంగతి పైకి మాట్లాడలేదు. ఒక్క మాట చెప్పేస్తే పోయేది అనడానికి కూడా వీల్లేని బతుకు.

సినిమాలో పిల్లలు ఒప్పుకోరు. కొడుకు ఇల్లూ, నాన్న జ్ఞాపకమూ అంటూ కేకలేస్తాడు. ఆవిడ పిల్లల కోసం తన మనసు చంపుకుంటుంది. క్రిస్మస్‌కి పిల్లలు వస్తారు. కూతురికి పెళ్ళి కుదిరింది, కొడుకు పైదేశం వెళుతున్నాడు, ఈ పెద్దిల్లు ఇంకెందుకు అమ్మేద్దాం అంటారు. నువ్వు ఒంటరిగా ఉంటావు కదా అని అమ్మకి ఒక బహుమతి తెస్తారు. రిబ్బను కట్టిన టెలివిజన్ సెట్టు. తెచ్చినవాడు, మీట నొక్కితే చాలు లోకమంతా మీ గదిలోనే అని వర్ణిస్తుంటాడు. వెలగని ఆ గాజుతెరలో ఆవిడ మొహం కనబడుతుంది. అంతే. సంగీతం కూడా పెద్దగా లేదు.

మా నాన్న 2016లో పోయారు. అన్నయ్య న్యూజెర్సీలో, నేను హైదరాబాదులో. రాజమండ్రి ఇల్లు పాతబడింది, నూతి పళ్ళెం పగిలింది, అమ్మ ఒక్కతే ఎలా ఉంటుంది? ఇద్దరం ఫోన్లో మాట్లాడుకుని అమ్మేద్దామనుకున్నాం. అమ్మని అడిగాం. అడిగామనే ఇప్పటికీ అంటాను. "మీ ఇష్టం" అంది. 2018లో రిజిస్ట్రేషను అయింది. మా ఫ్లాటులో అమ్మకి వేరే గది ఇచ్చాం. కాలక్షేపానికి అన్నయ్య డబ్బు పంపితే నేను నలభై మూడు అంగుళాల టీవీ కొని గోడకి బిగించాను. చాలా సంతోషంగా బిగించాను.

ఏడాది తిరిగాక రాజమండ్రి నుంచి మా పక్కింటి పంతులమ్మగారు ఫోన్ చేశారు. రిటైరై, ఒంటరిగా ఉంటున్నావిడ. మాటల్లో అన్నారు: "మేడ మీద వాటా అద్దెకిచ్చుకుని, కింద మేమిద్దరం కలిసి ఉందామనుకున్నామమ్మా. చిన్నపిల్లలకి నేను లెక్కలు, మీ అమ్మ పద్యాలు. గోడకి రంగు కూడా ఏది వేయించాలో అనుకున్నాం. మీ అమ్మ మీతో అనలేదూ?"

అనలేదు. నేనూ ఆ ఫోను సంగతి అమ్మతో అనలేదు. చాలా రోజులు అనలేదు.

పోయిన సంక్రాంతికి ఇంట్లో ఎవరూ లేరు. మా అమ్మాయి లాప్‌టాప్‌లోంచి పెద్ద టీవీకి కలపడం నేర్పి వెళ్ళింది. "పాత ఇంగ్లీషు సినిమా చూస్తావా అమ్మా, రంగులది?" అంటే, "పిల్లి బొమ్మల తర్వాత వచ్చేవాటిలాంటిదేనా?" అని వచ్చి కూచుంది. ఈసారి నేను అనువాదం చెయ్యబోలేదు. ఆవిడ మెటికలు విరుచుకుంటూ, మధ్యమధ్య "కుర్రాడు మంచివాడే" అనుకుంటూ చూసింది. పిల్లలు కేకలేస్తుంటే ఏమీ అనలేదు. క్రిస్మస్ చెట్టు వచ్చింది. నాకు ఆ తర్వాత ఏం రాబోతోందో తెలుసు. లేచి వంటింట్లోకి వెళ్ళి కాఫీ పెట్టే నెపం వెతుక్కున్నాను గానీ, కాళ్ళు కదలలేదు.

రిబ్బను కట్టిన పెట్టె లోపలికి వచ్చింది. గాజులో ఆవిడ మొహం కనబడింది. నేను అమ్మ వైపు చూడలేదు.

"పంతులమ్మగారు చెప్పారమ్మా" అన్నాను. "మేడ వాటా సంగతి."

అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తెర మీద మంచు కురుస్తోంది.

"మనదే పెద్దది" అంది.